శాంటా క్లారా కౌంటీలో ఏ ఊళ్ళో ఇల్లు తీసుకోవాలి? పగలంతా ఇంట్లో ఉండేవాళ్ళ వైపు నుంచి ఒక పోలిక

సిలికాన్ వ్యాలీలో, అంటే కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ చుట్టుపక్కల, ఉద్యోగం ఖాయమైన మర్నాడే ఫోన్లు మొదలవుతాయి. "ఏ ఊళ్ళో ఉంటే బాగుంటుంది? మనవాళ్ళు ఎక్కువ ఎక్కడుంటారు?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఒకప్పుడు నేనూ అడిగాను. అప్పుడు నాకు వచ్చిన జవాబులన్నీ ఊరి పేర్లే. కూపర్టినో అని ఒకరు, సన్నీవేల్ అని ఒకరు, డబ్బు మిగలాలంటే శాన్ హోసే అని ఇంకొకరు. ఆ "మనవాళ్ళు" ఎవరికి కావాలి, పగలు ఆఫీసులో ఉండేవాళ్ళకా, ఇంట్లో ఉండేవాళ్ళకా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు మనవాళ్ళు ఆఫీసులోనే దొరుకుతారు. ఏ ఊళ్ళో ఉన్నా తేడా తక్కువే. ఆ తేడా అంతా ఇంట్లో ఉండేవాళ్ళ మీద పడుతుంది: వర్క్ పర్మిట్ రాని భార్య లేదా భర్త, ఆరు నెలల కోసం వచ్చిన అమ్మానాన్నలు, బడి అయ్యాక ఆడుకోవడానికి తోడు కావలసిన పిల్లలు. కాబట్టి ఈ పోలిక వాళ్ళ వైపు నుంచే రాస్తున్నాను.

ముందు లెక్క సంగతి

అమెరికా జనాభా లెక్కల్లో "ఏషియన్ ఇండియన్" అనే గడి 1980లో వచ్చింది. 2010 లెక్కల ప్రకారం ఈ కౌంటీలో భారతీయులు లక్ష దాటారు. వాళ్ళలో అందరికంటే ఎక్కువ మంది, సుమారు 43 వేలు, శాన్ హోసేలో ఉన్నారు. కూపర్టినోలో ఉన్నది 13 వేల పైచిలుకు. సంఖ్య చూస్తే శాన్ హోసే మూడు రెట్లు పెద్దది. కానీ శాన్ హోసే జనాభాలో ఆ 43 వేలు 4.6 శాతం మాత్రమే. కూపర్టినోలో 13 వేలే 22.6 శాతం. సన్నీవేల్, శాంటా క్లారా ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ఆ తర్వాత అన్నిచోట్లా సంఖ్యలు పెరిగాయి.

శాన్ హోసే విస్తీర్ణం సుమారు 180 చదరపు మైళ్ళు, కూపర్టినో 11 చదరపు మైళ్ళు. అంటే శాన్ హోసేలో మనవాళ్ళు వేలల్లో ఉన్నా, మీ వీధిలో ఒక్కరూ ఉండకపోవచ్చు. అందుకే శాన్ హోసేను ఒక్క ఊరిగా చూడకూడదు, నాలుగైదు ఊళ్ళుగా చూడాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. పదేళ్ళకోసారి జరిగే ఆ లెక్కల్లో భాష అడగరు. ఇండియన్ అన్న అంకెలో పంజాబీలు, గుజరాతీలు, తమిళులు, మనం అందరం కలిసే ఉంటాం. శాన్ హోసేలో ఎవర్‌గ్రీన్ అనే పేట కొండల మీద పెద్ద గురుద్వారా ఉంది, దాని చుట్టుపక్కల పంజాబీ కుటుంబాలు ఎక్కువ. అక్కడి అంకె చూసి ఇల్లు తీసుకుని, మీ అమ్మగారికి తెలుగులో మాట్లాడేవాళ్ళు దొరకలేదంటే ఆ తప్పు అంకెది కాదు.

ఏం చూడాలి

నా వరుస ఇది. ఒకటి, కారు లేని మనిషి ఇంటి నుంచి నడిచి ఎక్కడికి వెళ్ళగలరు: కూరగాయలు, పార్కు, లైబ్రరీ, బస్సు. రెండు, ఆ అడ్రసుకు ఏ బడి వస్తుంది (అది తేల్చేది స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ప్రాంతపు బడులు నడిపే సంస్థ). మూడు, అద్దె లేదా ఇంటి ధర. నాలుగు, ఆఫీసు దూరం. చాలామంది నాలుగోదాన్ని మొదట పెడతారు. కానీ ఇక్కడ ఆఫీసులు మారుతూనే ఉంటాయి, ఇవాళ యాపిల్ అయితే రేపు ఎన్విడియా. ఇల్లు, బడి అంత తేలిగ్గా మారవు.

గుడిని ఈ వరుసలో పెట్టలేదు. ఏ ఊళ్ళో ఉన్నా గుడికి కారులోనే వెళ్ళాలి. సన్నీవేల్‌లో హిందూ టెంపుల్, శాన్ హోసే ఉత్తరపు అంచున ఆల్విసోలో బాలాజీ గుడి ఉన్నాయి. పండగలకు అందరూ వెళ్ళే శివవిష్ణు ఆలయం లివర్‌మోర్‌లో ఉంది, అది పక్క కౌంటీ.

| ఊరు | 2020 జనాభా | హైస్కూల్ డిస్ట్రిక్ట్ | రైలు | కారు లేనివాళ్ళకు |
|---|---|---|---|---|
| సన్నీవేల్ | 1.56 లక్షలు | ఎక్కువ భాగం ఫ్రీమాంట్ యూనియన్ | కాల్‌ట్రెయిన్, ఉత్తరాన లైట్ రైల్ | ఎల్ కమీనో దగ్గర చాలా బాగుంటుంది |
| శాంటా క్లారా | 1.28 లక్షలు | ఎక్కువ భాగం శాంటా క్లారా యూనిఫైడ్ | కాల్‌ట్రెయిన్, లైట్ రైల్ | బాగుంటుంది |
| కూపర్టినో | 60 వేలు | ఫ్రీమాంట్ యూనియన్ | లేదు | స్టీవెన్స్ క్రీక్ రోడ్డు దగ్గర పర్వాలేదు, పడమర కొండవైపు కష్టం |
| మిల్పిటాస్ | 80 వేలు | మిల్పిటాస్ యూనిఫైడ్ | బార్ట్, లైట్ రైల్ | స్టేషన్ దగ్గర బాగుంటుంది |
| శాన్ హోసే | 10.13 లక్షలు | పేటను బట్టి మారుతుంది | మూడూ ఉన్నాయి | పేటను బట్టి మారుతుంది |

సన్నీవేల్

కొత్తగా వచ్చే కుటుంబానికి నేను మొదట చెప్పే పేరు ఇదే. ఎల్ కమీనో రియల్ అనే పెద్ద రోడ్డు ఊరి మధ్య నుంచి పోతుంది. దాని మీద ఇండియన్ గ్రాసరీలు, టిఫిన్ హోటళ్ళు, మిఠాయి షాపులు ఉన్నాయి. ఆ రోడ్డుకి అటూ ఇటూ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. 22 నంబరు బస్సు ఆ రోడ్డు మీదే పాలో ఆల్టో నుంచి శాన్ హోసేలోని ఈస్ట్‌రిడ్జ్ దాకా నడుస్తుంది. కారు లేని మనిషికి ఇది చాలా పెద్ద ధైర్యం.

మా అమ్మ తెనాలి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు మేము ఇంకో ఊళ్ళో, చక్కని నిశ్శబ్దమైన వీధిలో ఉండేవాళ్ళం. మూడు రోజులు కిటికీ దగ్గర కూర్చుని నాలుగో రోజు అడిగింది, "ఏమ్మా, ఇక్కడ మనుషులు ఉండరా?" ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. రెండోసారి వచ్చేటప్పటికి సన్నీవేల్‌లో ఎల్ కమీనోకి దగ్గరగా ఒక అపార్ట్‌మెంట్‌లోకి మారాం. ఇల్లు చిన్నదైంది, అద్దె తగ్గలేదు. కానీ సాయంత్రం ఐదు కాగానే అమ్మ షూస్ వేసుకుని పార్కుకు వెళ్ళిపోయేది. అక్కడ బెంచీల మీద వరంగల్ నుంచి వచ్చిన ఒక వదినగారు, కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక మామిగారు, ఇంకా నలుగురైదుగురు ఉండేవాళ్ళు. మామిగారి తమిళం అమ్మకు సగం అర్థమయ్యేది, ఆ సగం వాళ్ళిద్దరికీ సరిపోయేది. ఆరు నెలల గడువులో నెలన్నరకే తిరిగి వెళ్ళిపోతానన్న మనిషి, ఈసారి గడువు చివరి వారం దాకా ఉంది.

సన్నీవేల్‌లో జాగ్రత్త పడాల్సింది బడి గీతల గురించి, అంటే ఏ ఇల్లు ఏ బడికి వెళ్తుందో చెప్పే హద్దుల గురించి. ఊరి దక్షిణ భాగంలో చాలా ఇళ్ళు ఎనిమిదో క్లాసు వరకు కూపర్టినో యూనియన్ డిస్ట్రిక్ట్‌లోకి, ఆ తర్వాత హోమ్‌స్టెడ్ లాంటి హైస్కూళ్ళకి వెళ్తాయి. ఉత్తర భాగంలో చాలావరకు సన్నీవేల్ డిస్ట్రిక్ట్, తర్వాత ఫ్రీమాంట్ హైస్కూల్. ఇక్కడే కొత్తవాళ్ళు తికమక పడతారు. ఫ్రీమాంట్ హైస్కూల్ ఉన్నది సన్నీవేల్‌లోనే. పక్క కౌంటీలో ఉన్న ఫ్రీమాంట్ ఊరికీ దానికీ సంబంధం లేదు. లారెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే వైపు కొన్ని ఇళ్ళు శాంటా క్లారా యూనిఫైడ్‌లోకి వస్తాయి. ఒకే ఊరు, ఒకే పిన్‌కోడ్, బడి మాత్రం వేరు.

శాంటా క్లారా

సన్నీవేల్‌కి తోబుట్టువు లాంటి ఊరు. అదే ఎల్ కమీనో, అదే 22 నంబరు బస్సు, అలాంటి షాపులే. ఇంటెల్, ఎన్విడియా, ఏఎమ్‌డీ ఇక్కడే ఉన్నాయి. రెండింటికీ తేడా నెల ఖర్చులో కనిపిస్తుంది. శాంటా క్లారాకు సొంత కరెంటు సంస్థ ఉంది, దాని పేరు సిలికాన్ వ్యాలీ పవర్. పక్క ఊళ్ళలో పీజీఅండ్ఈ అనే ప్రైవేటు కంపెనీకి కరెంటు బిల్లు కట్టినవాళ్ళు ఇక్కడికి మారితే, బిల్లు తగ్గడం మొదటి నెలలోనే తెలుస్తుంది. ఎలక్ట్రిక్ కారు ఇంట్లోనే చార్జ్ చేసుకునేవాళ్ళకు, ఇల్లు కొనుక్కుని పదేళ్ళు ఉండాలనుకునేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

సెంట్రల్ పార్కు, దాని దగ్గరే ఉన్న పెద్ద లైబ్రరీ నాకు ఈ ఊళ్ళో చాలా ఇష్టమైన చోట్లు. పిల్లల్ని, పెద్దవాళ్ళని ఇద్దరినీ ఒకేచోట వదలొచ్చు. వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూస్తూ చదువుకుందామనుకునేవాళ్ళకు మిషన్ కాలేజీ ఉంది. బడుల రేటింగులు కూపర్టినో అంత పైన ఉండవు. మా పరిచయస్థుల పిల్లలు ఇక్కడ చదువుకుని మంచి యూనివర్సిటీలకే వెళ్ళారు, నిద్ర కూడా పోయారు. ఊరి ఉత్తరాన టాస్మన్ రోడ్డు దగ్గర ఇల్లు చూస్తుంటే, లీవైస్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు ఒకసారి వెళ్ళి ట్రాఫిక్ చూసి రండి.

కూపర్టినో

శాతం ప్రకారం మనవాళ్ళు బాగా దట్టంగా ఉండే ఊరు. ఇక్కడికి వచ్చేది బడుల కోసమే, అందులో దాపరికం ఏమీ లేదు. మోంటా విస్టా, కూపర్టినో హైస్కూళ్ళ పేర్లు హైదరాబాద్‌లో కూడా తెలిసినవాళ్ళున్నారు. దీపావళికి మెమోరియల్ పార్కులో పెద్ద పండగ జరుగుతుంది. ఊళ్ళో డి ఆంజా కాలేజీ ఉంది, యాపిల్ ఉంది.

దీనికి చెల్లించే మూల్యం రెండు రకాలు. ఒకటి డబ్బు. పోల్చిన ఐదు ఊళ్ళలో ఇళ్ళ ధరలు ఇక్కడే ఎక్కువ, అద్దె అపార్ట్‌మెంట్లు తక్కువ. కొనే ధర మీదే ఆస్తి పన్ను మొదలవుతుంది. 1978లో వచ్చిన ప్రాపొజిషన్ 13 ప్రకారం మూల పన్ను కొన్న విలువలో ఒక శాతం, దాని మీద స్థానిక పన్నులు కలుస్తాయి. ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. అంటే పక్కింట్లో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళు కట్టేదానికి మీరు ఎన్నో రెట్లు కడతారు.

రెండోది పిల్లల మీద పడే ఒత్తిడి. క్లాసులో అందరూ బాగా చదివేవాళ్ళే అయినప్పుడు బాగా చదివే పిల్లవాడు కూడా తను వెనకబడ్డాననుకుంటాడు. తట్టుకుని వికసించే పిల్లలు ఉన్నారు. లోపల్లోపల నలిగిపోయినవాళ్ళనీ చూశాను. మీ పిల్లవాడు ఏ రకమో మీకే తెలుస్తుంది, పక్కింటివాళ్ళకి తెలియదు. ఇంకో మాట: ఇళ్ళ ధరలకు చిన్న పిల్లలున్న కుటుంబాలు రాలేక, ఎలిమెంటరీ బడుల్లో పిల్లలు తగ్గి, 2022లో కూపర్టినో యూనియన్ డిస్ట్రిక్ట్ కొన్ని బడులు మూసేసింది. "ఇంటి పక్కనే బడి" అని కొనేముందు ఆ బడి భవిష్యత్తు గురించి కూడా అడగండి.

పెద్దవాళ్ళ విషయంలో, స్టీవెన్స్ క్రీక్ రోడ్డుకి, లైబ్రరీకి దగ్గరైతే పర్వాలేదు. కొండవైపు ఇళ్ళు అందంగా ఉంటాయి కానీ మా అమ్మ అడిగిన ప్రశ్నే అక్కడా వస్తుంది.

మిల్పిటాస్

తెలుగు నేర్పించాలన్న పట్టుదల ఉన్న కుటుంబాలకు ఈ ఊరి మీద ప్రత్యేకమైన ప్రేమ ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్ర ఇక్కడే ఉంది. తెలుగు, కూచిపూడి, కర్ణాటక సంగీతం చదువులుగా పెట్టిన విశ్వవిద్యాలయం అది. ఇండియా కమ్యూనిటీ సెంటర్, జైన మందిరం కూడా ఈ ఊళ్ళోనే ఉన్నాయి. 2020 జూన్‌లో బార్ట్ రైలు వచ్చాక శాన్ ఫ్రాన్సిస్కోలో పనిచేసేవాళ్ళకు ఇది మంచి మధ్యదారి అయింది. దంపతుల్లో ఒకరి ఆఫీసు శాన్ ఫ్రాన్సిస్కోలో, ఒకరిది శాంటా క్లారాలో అయితే ముందు ఈ ఊరు చూడండి. ఊళ్ళో దాదాపు అంతటికీ ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్ కాబట్టి గీతల గొడవా తక్కువే.

బే, అంటే సముద్రపు పాయ వైపు చెత్త డంపు, మురుగునీటి శుద్ధి కేంద్రం ఉన్నాయి. గాలి ఇటు తిరిగిన రోజు వాసన వస్తుంది. 880 హైవేకి పడమరన ఇల్లు చూసేటప్పుడు ఒక్కసారితో సరిపెట్టకండి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్ళండి.

శాన్ హోసే: ఒక ఊరు కాదు

ఉత్తర శాన్ హోసే, అంటే ఫస్ట్ స్ట్రీట్, టాస్మన్ వైపు, కొత్త అపార్ట్‌మెంట్లు ఎక్కువ, లైట్ రైల్ ఉంది, సిస్కో లాంటి ఆఫీసులు దగ్గర. చిన్న వయసు జంటలు చాలామంది ఇక్కడే మొదలుపెడతారు. బెర్రియెస్సాలో బార్ట్ స్టేషన్ ఉంది, మిల్పిటాస్ పక్కనే.

పశ్చిమ శాన్ హోసే పేరుకి శాన్ హోసే అయినా చాలా ఇళ్ళు కూపర్టినో యూనియన్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి. పేరున్న లిన్‌బ్రూక్ హైస్కూల్ ఉన్నది కూపర్టినోలో కాదు, ఇక్కడే. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

ఎవర్‌గ్రీన్‌లో అదే డబ్బుకి పెద్ద ఇల్లు, పెరడు, కరివేపాకు చెట్టుకి చోటు దొరుకుతాయి. ఎవర్‌గ్రీన్ వ్యాలీ హైస్కూల్‌కి మంచి పేరుంది. కానీ పొద్దున 101 హైవే మీద ఉత్తరానికి వెళ్ళే ట్రాఫిక్ రోజూ మిమ్మల్ని పరీక్షిస్తుంది. పెద్దవాళ్ళు కారు నడపకపోతే వారమంతా శనివారం కోసమే ఎదురుచూడాలి. ఇద్దరూ కారు నడిపేవాళ్ళు, ఇంటి నుంచి పని చేసే వీలున్నవాళ్ళు ఇక్కడ నిజంగా హాయిగా ఉంటారు.

మరి ఎవరికి ఏది

పెళ్ళై కొత్తగా వచ్చినవాళ్ళలో ఒకరు హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద ఉంటే: సన్నీవేల్ లేదా శాంటా క్లారా, అదీ ఎల్ కమీనోకి పది నిమిషాల నడకలో. హెచ్4 వాళ్ళకు వర్క్ పర్మిట్ 2015 నుంచి ఇస్తున్నారు కానీ భాగస్వామికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం వంటి షరతులు తీరాలి. అది వచ్చేదాకా గడిచే రోజులు చాలా పొడుగ్గా ఉంటాయి. ఆ రోజుల్లో నడిచి వెళ్ళగలిగే కాలేజీ, లైబ్రరీ, కూరగాయల షాపు ఉండటం, లేకపోవడం మనిషి మనసునే మార్చేస్తాయి. అద్దెలో మూడొందలు మిగులుతాయని దూరం వెళ్ళకండి అని చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది.

అమ్మానాన్నలు ఏటా వచ్చేవాళ్ళకు: ఇదే జవాబు. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్ అయినా సరే.

పిల్లలు ఆరో క్లాసు దాటినవాళ్ళకు, బడే ముఖ్యమైతే: కూపర్టినో, పశ్చిమ శాన్ హోసే, దక్షిణ సన్నీవేల్. ఈ మూడింటిలో నేను దక్షిణ సన్నీవేల్‌కే మొగ్గుతాను, బడీ నడకా రెండూ దొరుకుతాయి కాబట్టి. పిల్లలు ఇంకా రెండు మూడేళ్ళ వాళ్ళైతే బడి పేరు మీద ఇప్పుడే అప్పు నెత్తిన వేసుకోకండి.

ఇల్లు కొని స్థిరపడాలనుకునేవాళ్ళకు: శాంటా క్లారా లేదా మిల్పిటాస్. చోటు, పెరడు కావాలనుకుంటే ఎవర్‌గ్రీన్.

అద్దెకే ఉండి, అద్దె పెరుగుతుందని టెన్షన్ పడేవాళ్ళు ఒక విషయం తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో 2020 నుంచి ఉన్న చట్టం ప్రకారం 15 ఏళ్ళు దాటిన చాలా అపార్ట్‌మెంట్లలో ఏడాదికి 5 శాతం, దానికి తోడు ధరల పెరుగుదల, మొత్తం 10 శాతం మించి అద్దె పెంచకూడదు. శాన్ హోసేలో 1979 సెప్టెంబర్ 7కి ముందు కట్టిన, మూడు అంతకంటే ఎక్కువ ఇళ్ళున్న భవనాలకు ఇంకా గట్టి పరిమితి ఉంది: 5 శాతం. సన్నీవేల్ పక్క ఊరు మౌంటెన్ వ్యూలోనూ పాత అపార్ట్‌మెంట్లకు సొంత అద్దె నియంత్రణ ఉంది. కాబట్టి అద్దెకు ఉండేవాళ్ళకు కొత్త భవనం కంటే పాత భవనమే ఒక్కోసారి భద్రం. 2024 జులై నుంచి చాలామంది యజమానులు ఒక నెల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు.

సంతకం పెట్టేముందు

మేము ఒకసారి అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళు "ఇది ఫలానా బడికే వెళ్తుంది" అంటే నమ్మి సంతకం పెట్టాం. చేర్చడానికి వెళ్తే ఆ క్లాసులో సీట్లు నిండిపోయాయని పిల్లని వేరే బడికి పంపారు. పొద్దున్నే రెండు బడుల మధ్య కారులో తిరిగిన ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ అలసట వస్తుంది. స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరుతో సహా అడ్రసు కొట్టి మీరే చూసుకోండి. తర్వాత డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి మీ పిల్లల క్లాసులో సీటు ఉందా అని అడగండి.

ఇల్లు చూడటానికి అందరూ శనివారం వెళ్తారు. శనివారం ప్రతి పేటా కళకళలాడుతుంది. మీరు మాత్రం ఒక మంగళవారమో బుధవారమో సాయంత్రం ఐదింటికి వెళ్ళి, ఆ ఇంటి నుంచి దగ్గర్లో ఉన్న పార్కుకు నడిచి, ఒక అరగంట బెంచీ మీద కూర్చోండి. వీలైతే పగలంతా ఆ ఇంట్లో ఉండబోయే మనిషిని కూడా వెంట తీసుకెళ్ళండి.